పాపానికి పథ్యం

అనువాదం నా పొట్టకూడు. పోయిన నెలలో ఒక తీర్పు మీద వచ్చిన ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. పిటిషనరు వాదనకు న్యాయస్థానం ‘షార్ట్ ష్రిఫ్ట్’ ఇచ్చిందని అందులో ఒక వాక్యం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ మాట ఎదురైనప్పుడల్లా చేసే పనే చేశాను. ‘తోసిపుచ్చింది’ అని రాసి ముందుకు పోయాను. అందులో తప్పేమీ లేదు. సందర్భాన్ని బట్టి ‘పెడచెవిన పెట్టింది’, ‘తీసిపారేసింది’ అన్నా నప్పుతుంది.

ఆ రాత్రి పడుకోబోతుంటే ఒక అనుమానం పట్టుకుంది. పొట్టి ష్రిఫ్ట్ అనేది ఉంటే పొడుగు ష్రిఫ్ట్ కూడా ఉండాలి కదా? ఎవరైనా ఎవరికైనా పొడుగాటి ష్రిఫ్ట్ ఇచ్చినట్టు నేనెక్కడా చదవలేదు. అసలు ఆ రెండో ముక్క ఏమిటో తెలియకుండానే ఇన్నేళ్ళూ దాన్ని తెలుగు చేసి డబ్బు తీసుకున్నానన్నమాట. లేచి దీపం వేసి నిఘంటువు తీశాను.

ష్రిఫ్ట్ అంటే మన క్యాథలిక్కులు పాపసంకీర్తనం అనేది. గురువు, అంటే చర్చి ఫాదర్, ముందు మోకరించి చేసిన పాపాలు చెప్పుకోవడం, ఆయన విధించిన ప్రాయశ్చిత్తానికి ఒప్పుకోవడం, ఆయన నోట పాపవిమోచనం వినడం, ఇవన్నీ కలిపి ఒకే మాట. ఆ పని చేయడానికి క్రియాపదం ‘ష్రైవ్’. ఇప్పటి ఇంగ్లీషులో ఈ రెండూ ముసలిమాటలు. వాటి చోట లాటిన్ నుంచి వచ్చిన ‘కన్ఫెషన్’ కూర్చుంది. పాతది రెండు చోట్ల మాత్రం ఊపిరి పీలుస్తోంది. ఒకటి నేను తెలుగు చేసిన జాతీయం. రెండోది ‘ష్రోవ్ ట్యూస్‌డే’, అంటే విభూది బుధవారానికి ముందు రోజు. నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యేలోపు పాపాలు చెప్పుకుని శుభ్రపడాల్సిన మంగళవారం. చెప్పుకోవడానికి రమ్మని గుడిలో గంట కొట్టేవారు. అదే రోజు ఇంట్లో మిగిలిన గుడ్లు, పాలు, వెన్న ఖర్చు చేయాలి కనుక అట్లు పోసేవారు. పోను పోను పాపాలు వెనక్కి పోయి అట్లు మిగిలాయి. ఆ గంటకు పాన్‌కేక్ గంట అని పేరు వచ్చింది. మన అట్లతద్దికి ఎప్పటికైనా ఇంతటి గతి పడుతుందేమో చూడాలి.

కన్ఫెషన్ అంటే చెప్పడం. చెప్పేవాడితో మొదలై చెప్పేవాడితోనే అయిపోయే మాట. ష్రిఫ్ట్‌లో అవతలివాడు కూడా ఉన్నాడు. వినడం, విన్న తరువాత ‘ఇదిగో, నువ్వు చేయాల్సింది ఇది’ అనడం అందులోనే ఉంది. చేసిన పాపం చెబితే పోతుందని మనమూ తేలిగ్గా అనేస్తుంటాం. ఈ ముసలిమాట తిరగేస్తున్న కొద్దీ, చెబితే పోదని, వినేవాడు తీరిక చేసుకుని విని చేతికి ఏదైనా పని ఇస్తేనే పోతుందని నాకు అనిపిస్తోంది. ఈ అభిప్రాయం మీద నాకే కొన్ని అనుమానాలున్నాయి. అవీ చెబుతాను.

భోజనానికి ఆలస్యమవుతోంది

ముందు ఆ జాతీయం పుట్టిన పూట సంగతి. 1483 జూన్ 13, శుక్రవారం. లండన్ టవర్‌లో రాజసలహా మండలి కూర్చుంది. పన్నెండేళ్ళ రాజుకు సంరక్షకుడుగా ఉన్న పినతండ్రి రిచర్డ్ తొమ్మిదింటికి వచ్చి, ఈలీ బిషప్‌తో ‘మీ హోబర్న్ తోటలో స్ట్రాబెర్రీలు బాగా కాస్తాయట, కాసిని తెప్పించండి’ అని సరదాగా అడిగాడు. మధ్యలో లేచి వెళ్ళి, కాసేపటికి మొహం మాడ్చుకుని తిరిగి వచ్చాడు. ఆ మండలిలోనే కూర్చున్న లార్డ్ హేస్టింగ్స్ రాజద్రోహి అన్నాడు. వాడి తల తెగేదాకా భోజనానికి కూర్చోనని సెయింట్ పాల్ మీద ఒట్టు వేశాడు. విచారణ లేదు. హేస్టింగ్స్ చేతికందిన గురువునెవరినో పట్టుకుని పొట్టి ష్రిఫ్ట్ కానిచ్చుకున్నాడు. సంరక్షకుడికి భోజనం తొందరగా ఉండటం వల్ల అంతకంటె పొడుగైనదానికి వీలు కాలేదు. ప్రార్థనా మందిరం పక్కన పచ్చికలో ఒక పొడుగాటి దుంగ మీద తల నరికేశారు.

ఇదంతా థామస్ మోర్ 1513 ప్రాంతంలో రాసిన రిచర్డ్ చరిత్రలో ఉంది. మోర్ చిన్నప్పుడు కొలువు చేసింది ఆ ఈలీ బిషప్ ఇంట్లోనే. స్ట్రాబెర్రీల కథ అక్కడే విని ఉంటాడు. ఆ ఇల్లు రిచర్డ్‌కు బద్ధశత్రువుల ఇల్లు కనుక కథను ఎంతవరకు నమ్మాలన్నది వేరే సంగతి. మాట మాత్రం అక్కడుంది. తరువాత ఎనభై ఏళ్ళకు షేక్స్‌పియర్ ‘రిచర్డ్ ది థర్డ్’ నాటకంలో దాన్ని అందుకుని, ‘త్వరగా కానివ్వండి, ప్రభువుకు భోజనం వేళవుతోంది, మీ తల చూడాలని తహతహలాడుతున్నాడు’ అని ఒక పాత్ర చేత అనిపించాడు. జాతీయం లోకానికి అంటుకున్నది ఆ నాటకం వల్ల.

మళ్ళీ చదివితే ఒక విషయం తట్టింది. అంత తొందరలోనూ, అంత దుర్మార్గంలోనూ గురువును వద్దనలేదు. హేస్టింగ్స్‌కు విచారణ ఇవ్వలేదు, సాక్షులను ఇవ్వలేదు, కబురు పంపుకునే గడువు ఇవ్వలేదు. పాపం చెప్పుకోవడానికి మాత్రం నాలుగు నిమిషాలు ఇచ్చారు. అంటే ఆ పొట్టి ష్రిఫ్ట్ అప్పటికి అన్యాయంలో మిగిలిన ఆఖరి దయ. ఈనాడు దాన్ని ఉత్త నిరాకరణకు వాడుతున్నాం.

ఇవ్వకపోతే ఏమవుతుందో హామ్లెట్‌లో ఉంది. తమ్ముడి చేతిలో నిద్రలో చచ్చిన రాజు దయ్యమై వచ్చి కొడుకు దగ్గర ఏడ్చేది హత్య గురించి మాత్రమే కాదు, పాపాల లెక్క చెప్పుకోకుండా పోయినందుకు కూడా. ఆ ఏడుపు చెవులారా విన్న కొడుకే, తరువాత తనకు ద్రోహం చేసిన ఇద్దరు పాత స్నేహితులను చంపించడానికి దొంగ ఉత్తరం రాస్తూ, ష్రైవ్ చేసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా చంపమని రాస్తాడు. కాలేజీలో ఈ నాటకం చదివినప్పుడు ఆ మాట మీదుగా జారిపోయాను. హామ్లెట్ తటపటాయింపు గురించి పదిహేను మార్కులకు రాయించిన మా మాస్టారు కూడా దాని దగ్గర ఆగలేదు.

మందు రాయడం

నిఘంటువులో నన్ను నిజంగా కట్టిపడేసింది వ్యుత్పత్తి. ష్రిఫ్ట్‌కు మూలం లాటిన్‌లో ‘స్క్రీబెరె’, అంటే రాయడం. జర్మన్‌లో ఇదే ధాతువు నుంచి వచ్చిన ‘ష్రిఫ్ట్’ ఈనాటికీ రాత, లిపి అనే అర్థంలోనే ఉంది. డేనిష్‌లో మాత్రం ‘స్క్రిఫ్టె’ అంటే ఇంగ్లీషులో లాగే పాపం చెప్పుకోవడం. రాయడం నుంచి పాపసంకీర్తనం ఎలా వచ్చింది? పాపి చెప్పింది గురువు రాసుకునేవాడని అనుకున్నాను మొదట, మన చిత్రగుప్తుడి లాగా. కానీ ఆ రాత పాపాల జాబితాకు సంబంధించినది కాదట. గురువు ఇచ్చే ప్రాయశ్చిత్తానిది. పాత ఇంగ్లీషులో ఆ క్రియకు విధించడం అని అర్థం.

ఇంగ్లీషువాడికి ఇది వివరించి చెప్పాలి. తెలుగువాడికి అక్కర్లేదు. ‘డాక్టరు ఏమన్నాడు?’ అంటే ‘మందు రాశాడు’ అంటాం. రాయడం అంటే విధించడమేనని మన ఆస్పత్రి వరండాల్లో కూర్చునే ప్రతి ముసలమ్మకూ తెలుసు. ‘ఏమీ రాయలేదు, మాట్లాడి పంపించేశాడు’ అంటే ఆ డాక్టరు మీద గురి లేదని అర్థం. ష్రిఫ్ట్ అంటే ఆ మందు చీటీ.

నేను వరస కలుపుతున్నానని అనుకోవద్దు. 1215లో రోములో జరిగిన చర్చి పెద్దల సభ, నాలుగో లాటెరన్ మహాసభ, వయసు వచ్చిన ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒక్కసారైనా తన గురువు దగ్గర పాపాలు చెప్పుకోవాలని నిర్ణయించింది. అదే తీర్మానంలో గురువు నేర్పరి అయిన వైద్యుడి లాగా గాయంలో ద్రాక్షారసం, నూనె పోయాలని, పాపం ఏ పరిస్థితుల్లో జరిగిందో జాగ్రత్తగా అడిగి తెలుసుకోవాలని ఉంది.

దానికి అయిదు వందల ఏళ్ళ ముందే వైద్యుల చిట్కాల పుస్తకాల్లాంటివి గురువుల చేతుల్లో ఉండేవి. ఏ పాపానికి ఎన్ని రోజులు రొట్టె, నీళ్ళ మీద బతకాలో వాటిలో రాసి ఉండేది. పథ్యమే ఇది, వేరే పేరెందుకు? 668 నుంచి 690 దాకా కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఉన్న థియొడోర్ పేరు మీద అలాంటిదొకటి ఉంది. ఈయన పుట్టింది ఇంగ్లండులో కాదు, తార్సులో. పౌలుదీ అదే ఊరు. తాగి వాంతి చేసుకున్న సన్యాసికి ముప్పై రోజులు, గురువుకు నలభై, మామూలు గృహస్థుకు పదిహేను. అక్కడితో ఊరుకోలేదు. ఒంట్లో నలతగా ఉండి అలా జరిగితేనో, చాలాకాలం ముట్టకుండా ఉన్నవాడు క్రిస్మస్‌కో ఈస్టర్‌కో సంతోషంలో పెద్దలు పోసినంతే తాగి వాంతి చేసుకుంటేనో తప్పు లేదట. ఈ మినహాయింపు చదివి నవ్వుకున్నాను. నవ్వు ఆగాక, ఇది రాసిన వాళ్ళు చాలామంది మాట చాలాసేపు విన్నవాళ్ళని తోచింది. పండగ రోజు తాగినవాడికీ రోజూ తాగేవాడికీ తేడా పీఠం మీద కూర్చుంటే తెలియదు.

మనువు పదకొండో అధ్యాయంలో పాపం నుంచి బయటపడే దారులు చెబుతూ మొదట పెట్టింది ఖ్యాపనం, అంటే బయటికి చెప్పడం. వెంటనే పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం, అవి చేతకాని స్థితిలో దానం. మనవాళ్ళు కూడా చెప్పడంతో తలుపు తెరిచారు కానీ అక్కడితో వదిలిపెట్టలేదు. సామెతకు మాత్రం అంత ఓపిక లేకపోయింది.

జామెట్రీ బాక్సు

నేను ఏడో తరగతి చదివింది ఒక క్యాథలిక్ హాస్టల్లో. మాకు లెక్కలు చెప్పే ఫాదరే శనివారం సాయంత్రాలు పాపసంకీర్తనం వినేవాడు. క్యాథలిక్ పిల్లలు వరసలో నిలబడి లోపలికి వెళ్ళి వచ్చేవాళ్ళు. మేము మిగిలినవాళ్ళం మైదానంలో ఆడుకుంటూ, వాళ్ళ మొహాలు చూసి ఎవడు ఏం చెప్పి ఉంటాడో పందాలు కట్టేవాళ్ళం.

ఆ ఏడాది నా జామెట్రీ బాక్సు పోయింది. కొత్తది. రెండు వారాలు వెతికాను. కంపాస్ లేకుండా తరగతికి వచ్చానని ఒకరోజు ఫాదర్ నన్ను గంటసేపు బయట నిలబెట్టాడు కూడా. ఒక ఉదయం లేచేసరికి అది నా ట్రంకు పెట్టె మీద ఉంది. లోపల అన్నీ ఉన్నాయి, రబ్బరు ముక్క తప్ప.

ముప్పై ఏళ్ళ తరువాత పాత విద్యార్థులం కలిసినప్పుడు, నా పక్క మంచం స్నేహితుడు భోజనాల దగ్గర తానే చెప్పాడు. ‘నేనేరా తీసింది. శనివారం ఫాదర్‌కు చెప్పాను. పది మంగళవార్త జపాలు చెప్పమన్నాడు, బాక్సు తిరిగి ఇచ్చేయమన్నాడు. జపాలు ఆ పూటే చెప్పేశాను. బాక్సు ఇవ్వడానికి పదకొండు రోజులు పట్టింది.’

నన్ను బయట నిలబెట్టిన రోజు వేళ్ళ మీద లెక్క వేశాం. ఆ పదకొండు రోజుల్లోనే. అంటే బాక్సు ఎవరి దగ్గరుందో తెలిసి కూడా ఫాదర్ నన్ను ఎండలో నిలబెట్టాడు. మొదట కోపం వచ్చింది. వాడు నవ్వి, ‘ఆ రోజు నిన్ను వదిలేస్తే నాకు తెలిసిపోదూ, నేను చెప్పింది ఆయన వాడుకున్నాడని?’ అన్నాడు. విన్నది బయట పెట్టకూడదు సరే, విన్నట్టు ప్రవర్తించనూ కూడదట. బయటపెట్టిన గురువును పదవి నుంచి తీసేసి, బతికినంతకాలం మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని ఆ 1215 నాటి తీర్మానంలోనే ఉంది. నన్ను ఎండలో నిలబెట్టడం ఆయనకు ఎంత కష్టంగా ఉందో ఇప్పుడు అడగడానికి లేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

‘మరి నాకు క్షమించమని ఒక్క మాట చెప్పలేదేమిరా?’ అన్నాను.

‘ఫాదర్ చెప్పమనలేదు’ అన్నాడు వాడు, అప్పడం విరుస్తూ.

నా వాదనలో పెద్ద చిల్లు ఇక్కడే ఉంది. వాడికీ ఫాదర్‌కూ దేవుడికీ మధ్య లెక్క తేలిపోయింది. బాక్సు పోయినవాడికి ఆ లెక్కలో చోటు లేదు. కానీ ఇంకోవైపు నుంచి చూస్తే బాక్సు నా చేతికి వచ్చింది. వాడు ఫాదర్ దగ్గరికి వెళ్ళకుండా నా దగ్గరికే వచ్చి కళ్ళ నీళ్ళు పెట్టుకుని ఉంటే నేను తప్పకుండా క్షమించేవాణ్ణి, బాక్సు సంగతి ఇద్దరమూ మొహమాటపడి వదిలేసేవాళ్ళమేమో. మంచి మందు చీటీ రాసేవాడికి మొహమాటం ఉండకూడదు.

పెద్దవాళ్ళు టీవీలో చెప్పే క్షమాపణలు వింటే నాకు ఆ బాక్సే గుర్తుకొస్తుంది. ‘నా మాటల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే’ అని మొదలవుతుంది. చెప్పడం ఉంది, వినేవాడు ఫలానా అని లేడు, రాసిచ్చింది అసలే లేదు. సాయంత్రానికి అయిపోతుంది.

వరసలో నిలబడ్డవాళ్ళు

కాదనేవాళ్ళ మాట కొట్టిపారేయలేను. మనిషికీ దేవుడికీ మధ్య ఇంకో మనిషి ఎందుకని ప్రొటెస్టెంట్లు అయిదు వందల ఏళ్ళ కిందటే అడిగారు. గుంటూరు జిల్లాలో మా పక్కింటి లూథరన్ పెద్దాయన ఇదే మాట తనదైన పద్ధతిలో అనేవాడు: ‘పోస్టుమాస్టరు కూడా ఉత్తరం విప్పడు బాబూ.’ చెప్పుకున్నవాడి గుట్టు విన్నవాడి చేతిలో ఆయుధం కావచ్చు. 2018లో కేరళలో ఒక స్త్రీ చెప్పుకున్న పాపాన్ని పట్టుకుని గురువులు ఆమెను బెదిరించి లోబరుచుకున్నారనే ఆరోపణ వచ్చినప్పుడు, ఈ పద్ధతినే రద్దు చేయాలని జాతీయ మహిళా కమిషన్ సిఫారసు చేసింది. క్యాథలిక్ పెద్దలు దాన్ని మత స్వేచ్ఛ మీద దాడి అన్నారు. ఆరోపణలు వచ్చింది తమ శాఖ గురువుల మీద కాదనీ అన్నారు. అది నిజమే కానీ, చెవి ఉన్న ప్రతి చోటా ఈ భయం ఉంటుంది. మోకాళ్ళ మీద ఉన్నవాడికీ కుర్చీలో ఉన్నవాడికీ మధ్య ఎత్తు తేడా ఏ తీర్మానంతోనూ పోదు.

ఇంకో చిక్కు తీరికకు సంబంధించినది. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళకు ఒకసారి స్నేహితుడి కుటుంబంతో వెళ్ళాను. పాపసంకీర్తనం కోసం జనం బారులు తీరి ఉన్నారు. వాడి భార్య గంటన్నర నిలబడి, లోపలికి వెళ్ళి, నేను చేతిలోని టీ పూర్తి చేసేలోపు తిరిగి వచ్చింది. ‘అయిపోయిందా?’ అన్నాను. ‘వెనక ఎంతమంది ఉన్నారో చూశారుగా అన్నయ్యా’ అంది. అచ్చమైన పొట్టి ష్రిఫ్ట్. ఆమె మొహంలో మాత్రం వెలితి ఏమీ కనబడలేదు. నిలబడిన గంటన్నర కూడా లెక్కలోకి వస్తుందేమో. నా సిద్ధాంతం ఆమెకు వర్తించకపోతే అది నా సిద్ధాంతం ఖర్మ.

క్యాంటీను

ఈ మాట మీద ఇన్ని రోజులు కూర్చోవడానికి అసలు కారణం వేరే ఉంది. ఆరేళ్ళ కిందట మా నాన్నను ఆస్పత్రిలో చేర్చాం. ఒక రాత్రి నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన కళ్ళు తెరిచి, ‘ఆ చెరువు కింద చెక్క ఉంది చూశావూ... మీ అత్తది...’ అన్నారు. గొంతు సరిగా పెగలడం లేదు. పంపకాల్లో ఏదో జరిగిందని, అత్తయ్య కొన్నాళ్ళు మా ఇంటి గడప తొక్కలేదని చిన్నప్పుడు విన్నాను తప్ప నాకు వివరాలు తెలియవు.

‘ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా, పడుకోండి’ అన్నాను.

ఆయనను అలసిపోనివ్వకూడదని నర్సు చెప్పింది. అది నిజం. అంతకంటె నిజం, గోడ గడియారం తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది, కింద క్యాంటీను తొమ్మిదింటికి మూసేస్తారు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆయన కాసేపు పైకప్పు వైపు చూసి, ‘సరే, వెళ్ళి తిని రా’ అన్నారు. నాలుగో రోజు పోయారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మోర్ రాసిన పేజీలో సంరక్షకుడికి భోజనం తొందర అన్న చోట పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

పోయిన ఆదివారం బస్సెక్కి అత్తయ్య ఊరు వెళ్ళాను. ఎనభై దాటింది, చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాను. అర ఎకరమో, పావు ఎకరమో, ఎంతైనా సరే, ఏం చేయమంటే అది చేద్దామనుకున్నాను. కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుని, ‘అత్తయ్యా, నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ చెరువు కింద చెక్క గురించి...’ అన్నాను.

ఆమె చేయి ఒక్క క్షణం గరిటె మీద ఆగింది.

‘ఇప్పుడవన్నీ ఎందుకురా, ముందు అన్నం తిను’ అంది.

నేను మళ్ళీ నోరు తెరిచేలోపు కంచంలో పప్పు వడ్డించి, గోడ పట్టుకుంటూ నెయ్యి గిన్నె కోసం లోపలికి వెళ్ళింది.